ఎర్రమట్టిలో దొరకని ఇనుము

కుల్కచర్ల చుట్టుపక్కల చెల్కల్లో తొలకరికి నాగలి కట్టినా, ట్రాక్టరు దింపినా పైకి లేచేది ఎర్రమట్టే. ఆ ఎరుపంతా ఇనుముది. పాంబండ రామలింగేశ్వరుడి గుడి ఉన్న బండల్లాంటి గ్రానైటు గుట్టలు ఎండకు కాగి, వానకు నాని, యుగాల తరబడి పొరలు విచ్చిపోతూ వచ్చాయి. వాటిలోని నల్ల ఖనిజాల్లో దాగిన ఇనుము బయటపడి ఆక్సిజన్‌తో కలిసింది. తుప్పు రంగే మట్టి రంగయింది. వికారాబాద్ వైపు వెళ్తే లాటరైటు నేలలు కనిపిస్తాయి. దక్కన్ లావా రాళ్లలో నీటికి కరిగేవన్నీ కరిగి వెళ్లిపోగా, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలి గట్టిపడిన నేలలు అవి.

ఇంత ఇనుమున్న గడ్డ మీద కొలిమి అవసరం లేకుండా ఒక లోహపు ముక్క దొరకాలంటే మాత్రం దాదాపు అసాధ్యం. ఇక్కడి ఇనుములో ప్రతి పరమాణువూ ఆక్సిజన్‌కో, సిలికాకో కట్టుబడి ఉంది. కోనసముద్రం కమ్మరులు మూసల్లో ఇనుమునూ బొగ్గునూ కలిపి కరిగించి, పర్షియా దాకా పేరుపొందిన ఉక్కు తీశారు. అంతకుముందు ఆ ఇనుమును ఖనిజం నుంచి రాబట్టడానికి చేయాల్సిన మొదటి పని ఆక్సిజన్‌ను వదిలించడమే. బొగ్గు ఆ ఆక్సిజన్‌ను తీసుకుని గాలిలో కలిసిపోతేనే లోహం మిగులుతుంది.

మనిషి చెయ్యి పడకుండా ప్రకృతి తానే తయారుచేసిన ఇనుప లోహం కూడా ఉంది. అది దాదాపు ఎప్పుడూ నికెల్‌తో కలిసి మిశ్రమలోహంగానే ఉంటుంది. కామసైట్, టేనైట్, టెట్రాటేనైట్, అవరూయైట్ అని ఖనిజశాస్త్రం దాని రూపాలకు పేర్లు పెట్టింది. ఈ లోహం ఎక్కడ పుట్టింది, ఎంత వేడిలో ఉంది, ఎంత నెమ్మదిగా చల్లారింది అన్న చరిత్రనంతా తన లోపలి అమరికలో భద్రపరుచుకుంటుంది. దాన్ని చదవడం నేర్చుకున్న శాస్త్రవేత్తలకు ఉత్తరాంధ్రలో పడిన ఒక చిన్న ముక్క సౌరమండలం బాల్యం గురించి చాలా పెద్ద సంగతి చెప్పింది.

నికెల్, ఇనుము ఎందుకు జంటగా ఉంటాయి

ఈ జంట నక్షత్రాల్లో మొదలైంది. పరమాణు కేంద్రకాలన్నింటిలో అత్యంత గట్టిగా బిగిసి ఉండేవి ఇనుము, నికెల్ కేంద్రకాలే. పెద్ద నక్షత్రాల గర్భంలో తేలిక మూలకాలు కలుస్తూ కలుస్తూ చివరికి ఇక్కడికి చేరతాయి. ఆ పైన కలయిక వల్ల శక్తి పుట్టదు. సూపర్నోవా విస్ఫోటనంలో పుట్టే నికెల్-56 సుమారు 6 రోజుల అర్ధాయువుతో కోబాల్ట్-56గా, అది 77 రోజుల అర్ధాయువుతో ఇనుము-56గా మారుతుంది. కుల్కచర్ల చెల్కలో ఉన్న ఇనుములో అధిక భాగం ఒకప్పుడు ఏదో నక్షత్రంలో నికెల్‌గా పుట్టిందే.

సుమారు 456 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడి చుట్టూ ధూళి ముద్ద కట్టి చిన్న గ్రహాలు ఏర్పడినప్పుడు, అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక ఐసోటోపు (ఒకే మూలకంలో వేరే బరువున్న పరమాణు రకం) వాటిని లోపలి నుంచి కాచింది. చాలా ముద్దలు కరిగిపోయాయి. బరువైన లోహం కేంద్రానికి దిగింది, తేలికైన రాతి ద్రవం పైకి తేలింది. నికెల్‌కు ఆక్సిజన్ మీద మక్కువ ఇనుముకంటే తక్కువ. అందుకే అది రాతిలో చిక్కుకోకుండా లోహం వెంటే దిగిపోయింది. ఇనుములో కొంత రాతిలో ఉండిపోయింది, మిగతాది నికెల్‌తో పాటు కేంద్రానికి చేరింది.

భూమిలోనూ జరిగింది ఇదే. మన కాళ్ల కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతున రాయి ముగిసి లోహం మొదలవుతుంది. భూమి బరువులో మూడో వంతు ఉన్న ఆ గర్భంలో ప్రధానంగా ఇనుము, దానితో సుమారు 5 శాతం నికెల్, కొన్ని తేలిక మూలకాలు ఉన్నాయి. దిక్సూచిని ఉత్తరానికి తిప్పే అయస్కాంత క్షేత్రం అక్కడి ద్రవలోహపు కదలిక నుంచే పుడుతుంది. భూమి మొత్తంలో చూస్తే లోహమంటే నికెల్-ఇనుమే. దాన్ని తవ్వి తీసే దారి మనకు లేదు. అలాంటి గర్భమే ఉండి, తర్వాత ఢీకొని ముక్కలైపోయిన చిన్న గ్రహాల శకలాలు ఉల్కలుగా రాలినప్పుడే ఆ లోహం మన చేతికి వస్తుంది.

1870, నెడగొల్ల

1870 జనవరి 23 సాయంత్రం అప్పటి విశాఖపట్నం జిల్లా పార్వతీపురం ప్రాంతంలో, మేరంగి దగ్గర ఒక ఇనుప ఉల్క పడింది. ప్రపంచ ఉల్కల పట్టికల్లో దాని పేరు నెడగొల్ల. బరువు నాలుగు కిలోలకు పైనే. ఉల్కల్లో అధిక భాగం రాతివే. రాలుతుండగా చూసి పట్టుకున్న వాటిలో ఇనుపవి నూటికి ఐదారుకు మించవు. తెలుగునాట నమోదైన ఇతర ఉల్కల్లో 1852లో నెల్లూరు ప్రాంతంలో యాటూరు వద్ద పడింది, 1997లో కృష్ణా జిల్లా విస్సన్నపేటలో పడింది రాతి ఉల్కలే. నెడగొల్లది అసలు సిసలు లోహం.

రాలిన ఇనుమును మనుషులు ఎప్పటి నుంచో గుర్తిస్తున్నారు. 1621లో జలంధర్ దగ్గర పడిన ఇనుమును జహంగీర్ చక్రవర్తి తన దగ్గరికి తెప్పించుకున్నాడు. మూడు పాళ్ల ఆకాశపు ఇనుముకు ఒక పాలు మామూలు ఇనుము కలిపించి కత్తులు చేయించినట్టు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన బాకును 2016లో ఎక్స్‌కిరణాలతో పరీక్షించినప్పుడు అందులో 11 శాతానికి దగ్గరగా నికెల్ ఉన్నట్టు తేలింది. ఆ కాలపు ఏ కొలిమీ అంత నికెల్ ఉన్న ఇనుమును ఇవ్వలేదు. ఇనుము ఆకాశం నుంచి వచ్చిందా, కొలిమి నుంచి వచ్చిందా అన్న ప్రశ్నకు నికెల్ పాలే మొదటి సాక్ష్యం.

నెడగొల్ల లోహంలో నికెల్ సుమారు 6 శాతం ఉంది. అయితే దాని ప్రత్యేకత కనిపించేది ఆ పాలులో కాదు, లోపలి అమరికలో.

చల్లారిన వేగాన్ని చదవడం

నికెల్-ఇనుము 900 డిగ్రీలకు పైబడిన వేడిలో ఉన్నప్పుడు అంతా ఒకే ఖనిజం, టేనైట్. అందులో పరమాణువులు ఘనపు మూలల్లోనూ, ఒక్కో ముఖం నడుమా కూర్చుంటాయి. చల్లారే కొద్దీ ఆ అమరిక అంతటా నిలవదు. నికెల్ తక్కువగా ఉన్న చోట్ల పరమాణువులు మరో రకంగా సర్దుకుంటాయి. ఘనపు మూలల్లో ఒక్కొక్కటి, సరిగ్గా మధ్యలో ఒకటి. అది కామసైట్. దాని నిర్మాణంలో నికెల్‌కు చోటు తక్కువ, 5 నుంచి 7 శాతం దాకానే ఇముడుతుంది. మిగిలిన నికెల్ పక్కనున్న టేనైట్‌లోకి తరలిపోతుంది. అలా టేనైట్‌లో నికెల్ 20 శాతం దాటి, అంచుల్లో 50 శాతం దాకా పేరుకుంటుంది. రెండింటికీ అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. సాంద్రత నీటికంటే దాదాపు ఎనిమిది రెట్లు. టేనైట్ కాస్త ఎక్కువ గట్టిది, ఆమ్లాన్ని ఎక్కువ తట్టుకుంటుంది.

ఈ చివరి గుణమే లోపలి బొమ్మను బయటపెట్టింది. ఇనుప ఉల్కను కోసి, నునుపు చేసి, పలచని నత్రికామ్లం పూస్తే కామసైట్ త్వరగా కరిగిపోతుంది, టేనైట్ మెరుస్తూ నిలబడుతుంది. లోహం మీద ఒకదాన్నొకటి కోసుకునే పట్టీల అల్లిక తేలుతుంది. 1804లో నేపుల్స్‌లో ఉన్న విలియం థామ్సన్ దీన్ని గమనించి ప్రకటించాడు. 1808లో వియన్నాలో అలోయిస్ విడ్మాన్‌స్టాటెన్ కూడా గమనించాడు. ఆ అల్లికకు మాత్రం రెండోవాడి పేరే స్థిరపడింది. కామసైట్, టేనైట్ అన్న పేర్లు 1861లో కార్ల్ వాన్ రైషెన్‌బాక్ పెట్టాడు.

వెన్న కాచి తీసిన నెయ్యిని గిన్నెలో కదపకుండా మెల్లగా చల్లారనిస్తే పూస కడుతుంది, గబుక్కున చల్లబరిస్తే నున్నగా గడ్డకడుతుంది. లోహంలోనూ పట్టీలు మందంగా పెరగాలంటే పరమాణువులు కదలడానికి తీరిక కావాలి. ఘనలోహంలో నికెల్ పరమాణువు ఒక మిల్లీమీటరు జరగాలంటే లక్షల ఏళ్లు పడుతుంది. అందుకే పట్టీల వెడల్పు, టేనైట్‌లో నికెల్ పేరుకున్న తీరు కొలిచి, ఆ లోహం పది లక్షల ఏళ్లకు ఎన్ని డిగ్రీల చొప్పున చల్లారిందో లెక్క కడతారు. కొన్ని ఉల్కల్లో ఆ వేగం కొద్ది డిగ్రీలే, కొన్నింటిలో వేల డిగ్రీలు. మందమైన రాతి పొర కప్పుకున్న గర్భం నెమ్మదిగా చల్లారుతుంది. పొర ఊడిపోయిన గర్భం త్వరగా చల్లారుతుంది. మన ప్రయోగశాలలు ఎంత ఓపిక పట్టినా ఈ అల్లికను ఆ పరిమాణంలో పెంచలేవు. కాబట్టి అది నిజమైన ఉల్కకు గుర్తు కూడా.

నెడగొల్ల ఉల్కలో ఈ పెద్ద పట్టీల అల్లిక లేదు. అనేక స్ఫటికాలుగా, వేగంగా చల్లారిన ఆనవాళ్లతో ఉంది. రసాయన పాళ్లు ఏ తెలిసిన ఇనుప ఉల్కల వర్గానికీ సరిపోలేదు. దశాబ్దాల పాటు అది ఏ వర్గానికీ చెందనిదిగా పట్టికల్లో ఉండిపోయింది.

రెండు ప్రాంతాల లోహం ఒకే ముక్కలో

ఉల్కలన్నీ రెండు పెద్ద కుటుంబాలుగా విడిపోతాయని గత పదిహేనేళ్లలో స్పష్టమైంది. ఒక కుటుంబం సూర్యుడికి దగ్గరగా లోపలి ప్రాంతంలో ఏర్పడింది. రెండోది బృహస్పతికి అవతల, దూరపు ప్రాంతంలో ఏర్పడింది. మాలిబ్డినం, రుథీనియం, నికెల్ వంటి మూలకాల ఐసోటోపుల పాళ్లు ఈ రెండు కుటుంబాల్లో వేరువేరు. వేర్వేరు నక్షత్రాల ధూళి ఆ రెండు చోట్లకూ సమానంగా చేరలేదు. అంతలోనే పెరిగిన బృహస్పతి మధ్యలో అడ్డుగోడలా నిలిచి, అటు పదార్థం ఇటు రాకుండా ఆపిందని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

జర్మనీలోని మ్యున్‌స్టర్‌కు చెందిన ఫ్రిడోలిన్ స్పిట్జర్, థోర్‌స్టెన్ క్లైనె, వారి సహచరులు నెడగొల్ల ముక్కలోని మాలిబ్డినం, రుథీనియం, నికెల్ ఐసోటోపులను కొలిచి, 2022లో ఫలితాలు ప్రచురించారు. ఆ పాళ్లు లోపలి కుటుంబానికీ చెందలేదు, బయటి కుటుంబానికీ చెందలేదు. సరిగ్గా రెండింటి నడుమ నిలిచాయి. మొత్తం ఉల్కగా ఇలాంటి మిశ్రమ పాళ్లు కనిపించింది ఇదే మొదటిసారి. రసాయనం కూడా అదే మాట చెప్పింది. ఆక్సిజన్ ఎక్కువున్న చోట విడివడిన లోహపు లక్షణాలు, ఆక్సిజన్ తక్కువున్న చోట విడివడిన లోహపు లక్షణాలు ఒకే ముక్కలో కలిసి ఉన్నాయి.

హాఫ్నియం క్షయించి టంగ్‌స్టన్‌గా మారే వేగాన్నే గడియారంగా వాడి చూస్తే ఈ కలయిక సౌరమండలం పుట్టిన 70 లక్షల ఏళ్ల తర్వాతే జరిగింది. అప్పటికే లోహగర్భాలు ఏర్పడిన రెండు చిన్న గ్రహాలు, ఒకటి లోపలిది, ఒకటి దూరం నుంచి వచ్చినది, ఢీకొన్నాయి. రెండు గర్భాల లోహం కరిగి కలిసింది, మళ్లీ వేగంగా చల్లారింది. పట్టీల అల్లిక ఎందుకు లేదో, ఏ వర్గానికీ ఎందుకు చెందలేదో రెండింటికీ ఇందులో సమాధానం దొరికింది. బృహస్పతి గోడ దాటి దూరపు పదార్థం లోపలికి వచ్చిందనడానికి పార్వతీపురం సీమలో పడిన ఆ కొన్ని కిలోల ఇనుము సాక్షి. 152 ఏళ్లు భద్రపరిచారు కాబట్టే ఆ సాక్ష్యం మనకు అందింది.

భూమి తానే చేసుకున్న లోహం

నెడగొల్లలో ఉల్క పడిన 1870లోనే, ఆగస్టులో స్వీడన్ అన్వేషకుడు నోర్డెన్‌షల్డ్ గ్రీన్‌ల్యాండ్ తీరంలోని డిస్కో దీవిలో పెద్ద పెద్ద ఇనుప గుండ్లు చూశాడు. అన్నిటికంటే పెద్దది 20 టన్నులు దాటింది. ఆయన వాటిని ఉల్కలే అనుకున్నాడు. తర్వాతి పరిశోధనలో అవి అక్కడి బసాల్టు లావాలోనే పుట్టినట్టు తేలింది. ఆ లావా పైకి వస్తూ కర్బనం నిండిన అవక్షేప పొరలను చీల్చుకుంటూ వచ్చింది. ఆ కర్బనం లావాలోని ఇనుము నుంచి ఆక్సిజన్‌ను లాగేసుకుంది. కమ్మరి కొలిమిలో బొగ్గు చేసే పనిని అక్కడ భూమి తానే చేసింది. మన వికారాబాద్ నేలల కింద ఉన్న దక్కన్ లావా కూడా బసాల్టే. దానికి అంతటి కర్బనం తోడు లేకపోవడంతో ఇక్కడి ఇనుము ఆక్సైడ్‌గానే, ఎర్రమట్టిగానే ఉండిపోయింది.

భూమి చేసే మరో నికెల్-ఇనుము అవరూయైట్. 1885లో న్యూజిలాండ్ పశ్చిమ తీరపు ఇసుకలో దొరికిన గింజల్లో విలియం స్కే దీన్ని గుర్తించాడు. ఇందులో పాళ్లు తారుమారు. ఒక ఇనుము పరమాణువుకు రెండు, మూడు నికెల్ పరమాణువులు. ఆలివిన్ అనే ఆకుపచ్చ ఖనిజంతో నిండిన రాళ్లలోకి నీరు దిగితే ఆలివిన్ సర్పెంటైన్‌గా మారుతుంది. ఆ మార్పులో ఇనుము నీటిలోని ఆక్సిజన్‌ను తీసుకుని హైడ్రోజన్‌ను వదిలేస్తుంది. ఆ హైడ్రోజన్ చుట్టూ ఉన్న నికెల్, ఇనుము సమ్మేళనాల నుంచి ఆక్సిజన్‌నూ గంధకాన్నీ తొలగించి లోహాన్ని మిగులుస్తుంది.

ఈ గింజలకు రెండు రకాల ప్రాధాన్యం ఉంది. మొదటిది గనులది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో డెకార్ అనే చోట అవరూయైట్ ఉన్న పెద్ద నిక్షేపాన్ని అభివృద్ధి చేస్తున్నారు. ఇది గంధకం లేని లోహం కాబట్టి, అయస్కాంతంతో వేరు చేయవచ్చు, గంధకం పొగ వెదజల్లే కొలిమి లేకుండానే బ్యాటరీలకు కావలసిన నికెల్ తీయవచ్చు. రెండోది జీవం పుట్టుకకు సంబంధించినది. 2020లో డ్యూసెల్‌డార్ఫ్‌కు చెందిన మార్టినా ప్రైనర్, విలియం మార్టిన్ బృందం హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, నీరు, అవరూయైట్ కలిపి 100 డిగ్రీల వద్ద ఉంచినప్పుడు ఎసిటేట్, పైరువేట్ వంటి పదార్థాలు ఏర్పడ్డాయి. మన కణాలు రోజూ వాడుకునే పదార్థాలవి. ఎంజైములు ఏవీ లేని ఆదిమ భూమిపై సముద్రగర్భపు వేడి ఊటల్లో ఈ లోహపు గింజలు ఉత్ప్రేరకాలుగా పనిచేసి ఉండవచ్చన్న ఆలోచనకు ఇది బలం.

అయస్కాంతాల కోసం వెతుకులాట

ఇనుము, నికెల్ సగం సగం ఉన్న టేనైట్ 320 డిగ్రీల కంటే కిందికి అత్యంత నెమ్మదిగా చల్లారితే పరమాణువులు ఒక పొర ఇనుము, ఒక పొర నికెల్ చొప్పున వరుసకడతాయి. 1980లో ఉల్కల్లో గుర్తించి పేరు పెట్టిన ఆ ఖనిజం టెట్రాటేనైట్. మామూలు టేనైట్ అయస్కాంతత్వాన్ని సులువుగా పొంది, సులువుగా వదిలేస్తుంది. పొరలుగా అమరిన టెట్రాటేనైట్ దాన్ని వదలదు. విద్యుత్ వాహనాల మోటార్లకూ, గాలిమరలకూ కావలసింది అలాంటి శాశ్వత అయస్కాంతమే.

ఇప్పుడు ఆ పని చేస్తున్నవి నియోడైమియం, సమేరియం వంటి అరుదైన మృత్తికా మూలకాలు. వాటి సరఫరా అధికంగా చైనా చేతిలో ఉంది. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం ఎగుమతులపై ఆంక్షలు పెట్టగానే మన వాహన పరిశ్రమ ఇబ్బంది పడింది. విశాఖపట్నంలోని బాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ప్రాంగణంలో ప్రభుత్వ రంగ ఐఆర్ఈఎల్ సంస్థ 2023లో సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం ప్రారంభించడానికి ఈ పరాధీనతే కారణం. ఇనుము, నికెల్ రెండూ వాటితో పోలిస్తే విరివిగా దొరికేవి. వాటితోనే బలమైన అయస్కాంతం చేయగలిగితే పరిస్థితి మారిపోతుంది.

కాకపోతే ప్రకృతి లక్షల ఏళ్లు తీసుకున్న పనిని మనిషి కర్మాగారంలో ముగించాలి. 1960ల్లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో లూయీ నెయెల్ బృందం మిశ్రమలోహాన్ని అణు రియాక్టరులో న్యూట్రాన్ల తాకిడికి గురిచేసి ఈ అమరిక సాధించింది. కానీ రియాక్టరులో అయస్కాంతాలు పెద్దఎత్తున చేయలేం. 2022లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొద్దిగా భాస్వరం కలిపి పోత పోస్తే సెకన్లలోనే ఈ అమరిక ఏర్పడుతున్నట్టు ప్రకటించారు. భాస్వరం ఉల్కల్లోనూ సహజంగా ఉంటుంది. ఆ దారి పరిశ్రమ దాకా చేరాలంటే ఇంకా చాలా పని ఉంది. లోహశాస్త్రానికి పేరుపొందిన హైదరాబాద్ ప్రయోగశాలలు ఈ ప్రశ్నను తమదిగా తీసుకోవాలని కోరుకుంటున్నాను.

చెల్కలో దొరికితే

కుల్కచర్ల, పరిగి, తాండూరు ప్రాంతాల్లో దున్నేటప్పుడు బరువైన నల్లరాయి దొరికితే అది ఉల్క కావచ్చన్న ఆశ సహజం. చాలాసార్లు అది పాత కమ్మరి కొలిమి చిట్టెమో, మాగ్నటైటు రాయో, లాటరైటు గుండో అవుతుంది. చిట్టెంలో బుడగల బొక్కలుంటాయి, ఇనుప ఉల్కలో ఉండవు. ఇనుప ఉల్క పైన వేలితో నొక్కినట్టు లోతు తక్కువ గుంటలు, కొత్తదైతే పలచని నల్లటి కరిగిన పెంకు కనిపిస్తాయి. పరిమాణానికి మించిన బరువు ఉంటుంది. ఒక మూల కొద్దిగా అరిగితే వెండిలా తెల్లని లోహం మెరుస్తుంది. చివరి మాట ప్రయోగశాలలో నికెల్ పరీక్షే చెప్పాలి.

అలాంటిది దొరికినప్పుడు కాల్చకూడదు, సుత్తితో కొట్టకూడదు, ఆమ్లంతో కడగకూడదు. బలమైన నియోడైమియం అయస్కాంతం అంటించకూడదు. టెట్రాటేనైట్ వంటి ఖనిజాలు పుట్టినప్పటి అయస్కాంత క్షేత్రపు గుర్తులను కోట్ల ఏళ్లుగా మోస్తున్నాయి. ఒక్కసారి అయస్కాంతం తగిలితే ఆ గుర్తులు చెరిగిపోతాయి. దిక్సూచి దగ్గరగా తెచ్చి ముల్లు కదులుతుందేమో చూస్తే చాలు. దొరికిన చోటు, తేదీ రాసిపెట్టి హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు తెలపాలి. దేశంలో పడిన ఉల్కలను సేకరించి భద్రపరిచే బాధ్యత ఆ సంస్థదే.

పిడుగురాయి, బియ్యం లాగే లోహం అంటూ లక్షలు గుంజే ముఠాల మాట నమ్మవద్దు. ఏ నికెల్-ఇనుమూ బియ్యపు గింజను లాగదు, ఎవరికీ అదృష్టం తెచ్చిపెట్టదు. దాని అసలు విలువ అది దాచుకున్న సమాచారంలో ఉంది. నెడగొల్ల ముక్కను 1870లోనే ఎవరైనా కొలిమిలో వేసి కత్తి చేయించుకుని ఉంటే ఒక ఇంట్లో ఒక కత్తి మిగిలేది, రెండు గ్రహగర్భాలు ఢీకొన్న సంగతి మనకు ఈ దారిలో తెలిసేది కాదు. రేపు ఏ తెలుగు ఊరి పొలంలోనైనా మరో ముక్క పడవచ్చు. దాన్ని చూసిన మొదటి మనిషి రైతో, పశువుల కాపరో, బడిపిల్లో అవుతారు. వాళ్లకు ఈ సంగతులు ముందే తెలిసి ఉండాలి. మన బడుల్లో సైన్సు పాఠం ఎర్రమట్టితో మొదలై ఇక్కడిదాకా రావాలి.